మందు కొట్టే ముందు నీళ్లు కొట్టండి

పురుగుమందుల వాడకం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఏ పురుగుకు ఏ మందు అనే పట్టికతో మొదలుపెడతారు. నేను అక్కడ మొదలుపెట్టను. ఇరవై ఏళ్లకు పైగా వీపున ట్యాంకు మోస్తున్నాను. ఇన్నేళ్లలో మందు ఎంపికలో పొరపాటు పడింది తక్కువ, కొలతలో పొరపాటు పడింది ఎక్కువ. అందుకే ముందు ఉత్త నీళ్లతో పని.

నా లెక్క ఎలా తప్పిందో చెబుతాను. లేబుల్ మీద ఎకరానికి 200 మిల్లీలీటర్లు అని ఉంది. నా ట్యాంకు 16 లీటర్లది. ఎకరానికి పది ట్యాంకులు పడతాయని ఎవరో అన్న మాట పట్టుకుని ట్యాంకుకు 20 మిల్లీలీటర్లు కలిపేవాణ్ణి. చాలా ఏళ్లు అదే లెక్క. డబ్బా ఎప్పుడూ చేను పూర్తికాకుండానే ఖాళీ అయ్యేది. డబ్బాలోనే తక్కువ పోస్తున్నారని తిట్టుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున పని లేక, చేలో 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు తాడు కట్టాను. ట్యాంకులో గుర్తు దాకా ఉత్త నీళ్లు నింపి, మందు కొట్టేటప్పుడు ఎలా నడుస్తానో అలాగే నడిచి ఆ 100 చదరపు మీటర్లు తడిపాను. మళ్లీ అదే గుర్తు దాకా నింపడానికి కొలజాడీతో ఎన్ని లీటర్లు పోయాల్సి వచ్చిందో చూశాను. ఆరు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. వంద చదరపు మీటర్ల ముక్కలు నలభైన్నర. ఆరు లీటర్ల చొప్పున 243 లీటర్లు, అంటే పదిహేను ట్యాంకులు. ట్యాంకుకు 20 చొప్పున ఎకరానికి 300 మిల్లీలీటర్లు పడుతోంది. చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు! డబ్బాలో తక్కువేమీ లేదు.

అదే తాళ్ల మధ్య మా తమ్ముణ్ణి నడవమన్నాను. వాడిది ఎప్పుడూ హడావిడి నడక. మూడున్నర లీటర్లతో ముగించాడు. వాడి లెక్కన ఎకరానికి తొమ్మిది ట్యాంకులు, 180 మిల్లీలీటర్లు. ఒకే ట్యాంకు, ఒకే మందు, ఒకే చేను. ఇద్దరం చెరో సగం కొడితే నా సగంలో మోతాదు దాటుతోంది, వాడి సగంలో పురుగు బతుకుతోంది. ఆ ఏడాది పురుగు వాడి వైపే ఎందుకు మిగిలిందో మాకు అప్పుడు తెలిసింది.

కాబట్టి ఎవరు కొడతారో వాళ్లే నడిచి కొలవాలి. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. ఒక్కసారి కాకుండా మూడుసార్లు నడిచి సగటు తీయండి. పంట మోకాలెత్తు ఉన్నప్పుడు ఒకసారి, నడుమెత్తు వచ్చాక ఇంకోసారి కొలవాలి, ఎందుకంటే ఏపుగా పెరిగిన పంటలో నడక దానంతటదే నెమ్మదిస్తుంది. నాజిల్ మార్చినా, పంపు మార్చినా మళ్లీ మొదటికి రావాల్సిందే. లెక్క తేలాక ఎకరా మోతాదును ట్యాంకుల సంఖ్యతో భాగించండి. నా నడకకు 200ని పదిహేనుతో భాగిస్తే ట్యాంకుకు 13 మిల్లీలీటర్లు. తమ్ముడికి 22. కొన్ని లేబుళ్ల మీద లీటరు నీటికి ఇంత అని ఉంటుంది. అప్పుడు మందు కొలత సులువే కానీ, ఎకరానికి ఎన్ని లీటర్ల నీళ్లు కొట్టమన్నారో చూసి దానికి తగ్గట్టు నడక సరిచేసుకోవాలి.

ట్రాక్టర్‌కు తగిలించే, వరసగా నాజిళ్లున్న బూమ్ స్ప్రేయర్ ఉన్నవాళ్లకు తాడు అక్కర్లేదు. ప్రతి నాజిల్ కింద జాడీ పెట్టి ఒక నిమిషం నీళ్లు పట్టండి. ఒక్కో నాజిల్‌కు సగటున ఎన్ని లీటర్లు వచ్చాయో ఆ అంకెను 600తో గుణించి, ట్రాక్టర్ వేగం (గంటకు కిలోమీటర్లలో), నాజిళ్ల మధ్య దూరం (మీటర్లలో) రెండింటి లబ్ధంతో భాగిస్తే హెక్టారుకు ఎన్ని లీటర్లో వస్తుంది. నాజిల్‌కు నిమిషానికి 0.8 లీటర్లు, వేగం 6 కిలోమీటర్లు, దూరం అర మీటరు అయితే 480ని 3తో భాగించాలి: హెక్టారుకు 160 లీటర్లు. ఏ నాజిల్ అయినా కొత్తదానికంటే పది శాతం ఎక్కువ పోస్తుంటే అది అరిగిపోయినట్టే, మార్చేయండి. ఎక్కువ నీళ్లు రావాలని ప్రెజర్ పెంచుకుంటూ పోకండి. ధార రెట్టింపు కావాలంటే ప్రెజర్ నాలుగు రెట్లు కావాలి. ఈలోగా చుక్క పొగలా మారి పక్క చేలోకి పోతుంది.

నాజిల్ గురించి ఒక్క మాట: కలుపు మందుకు విసనకర్రలా పరిచే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, పురుగు మందుకూ తెగుళ్ల మందుకూ బోలు శంకువులా తిరిగే హాలో కోన్ నాజిల్. రెండూ జేబులో అదనంగా ఒక్కొక్కటి ఉంచుకుంటే చేను మధ్యలో నాజిల్ పూడుకుపోయినప్పుడు నోటితో ఊదే బుద్ధి పుట్టదు. నేను ఊదాను, ఒకప్పుడు. పెదవులు మధ్యాహ్నం దాకా మొద్దుబారి ఉన్నాయి. ఇప్పుడు పాత టూత్‌బ్రష్ ఒకటి ట్యాంకు పట్టీకి కట్టి ఉంటుంది.

అసలు కొట్టాలా?

కొలత వచ్చింది కదా అని వెంటనే కొట్టమని కాదు. వారానికి రెండుసార్లు చేను తిరగండి. గట్టు మీద నిలబడి చూస్తే లాభం లేదు, గట్టు పక్క మొక్కలు ఎప్పుడూ మిగతా చేనులా ఉండవు. అడ్డంగా మెలికలు తిరుగుతూ ఐదు చోట్ల ఆగి, చోటుకు పది మొక్కల చొప్పున యాభై మొక్కలు చూస్తాను. ఆకు తిప్పి అడుగున చూడాలి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక అన్నీ అక్కడే ఉంటాయి. మొక్కజొన్నలో అయితే మొవ్వు విప్పి చూడాలి.

నోటు పుస్తకంలో తేదీ, పంట వయసు, ఎన్ని మొక్కల మీద పురుగు ఉందో రాస్తాను. పక్కనే ఇంకో గడి ఉంటుంది: ఆ పురుగుల్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు ఎన్ని. చాలామంది ఈ రెండో గడి వదిలేస్తారు. నాకు మాత్రం కొట్టాలో వద్దో చెప్పేది ఎక్కువసార్లు ఆ గడే.

ఒకసారి జొన్నలో సోమవారం యాభై మొక్కలకు పదకొండింటి మీద పేనుబంక ఉంది. గురువారానికి పద్నాలుగు. టెన్షన్ పడి మందు బయటికి తీశాను కూడా. ట్యాంకు నింపే ముందు ఒక ఆకు కోసి ఎండలో పట్టి చూస్తే, పేలలో చాలావాటి రంగు మారిపోయి ఉంది. ఉబ్బి, ఎండుగడ్డి రంగులో, గవ్వల్లా గట్టిపడి ఆకుకు అతుక్కుపోయాయి. కొన్నింటి వీపున గుండ్రంగా, సూదితో పొడిచినంత రంధ్రం. చీమ తలంత ఉండే కందిరీగ జాతి పురుగు పేను లోపల గుడ్డు పెడుతుంది. దాని పిల్ల పేనును లోపలి నుంచి తినేసి, పెద్దదయ్యాక ఆ రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది. నా చేలో పని అప్పటికే జరుగుతోంది. నేను మందు కొట్టి ఉంటే పేలతోపాటు ఆ కందిరీగలూ పోయేవి. పేలు మళ్లీ వారంలో పుట్టుకొస్తాయి, కందిరీగలు అంత త్వరగా రావు. మందు లోపల పెట్టేశాను. తర్వాతి సోమవారానికి యాభైకి నాలుగు.

పురుగు కనిపించడం వేరు, నష్టం కలగడం వేరు. పురుగు చేసే నష్టం మందు ఖర్చుకంటే తక్కువ ఉన్నంతకాలం ఆగాలి, దాటబోతుంటే ఆగకూడదు. దీన్నే ఆర్థిక నష్ట పరిమితి అంటారు. 1959లో అమెరికాలో నలుగురు కీటక శాస్త్రవేత్తలు కలిసి ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. ఏ పంటలో, ఏ దశలో, ఏ పురుగు ఎన్ని దాకా ఉండవచ్చో మీ వ్యవసాయ అధికారి దగ్గర అంకెలు ఉంటాయి. అడిగి నోటు పుస్తకం అట్ట లోపలివైపు రాసిపెట్టుకోండి.

వరిలో సుడిదోమ సంగతి ఇంకా విచిత్రం. మందు కొట్టేకొద్దీ పెరిగే పురుగు అది. సాలీళ్లు, ఇతర శత్రు పురుగులు చచ్చిపోతాయి, దోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమల లోపల భద్రంగా ఉండి పదిరోజుల్లో పొదుగుతాయి. తినేవాళ్లు లేని చేలో అవి పెరిగే తీరు చూడాలి. ఇండోనేషియా ప్రభుత్వం 1986లో వరి మీద 57 పురుగుమందులను ఒక్కసారిగా నిషేధించింది ఇందుకే. దోమ పోవడానికని మందులు పెంచిన దేశమే దోమ తగ్గడానికి మందులు ఆపింది.

డబ్బా మీద చదవాల్సినవి

అక్షరాలు చిన్నవి, నాకిప్పుడు కళ్లద్దాలు కావాలి. అయినా మూడు విషయాలు చదవకుండా మూత తీయను.

లేబుల్ మీద నా పంట పేరు, నా పురుగు పేరు ఉన్నాయా. లేకపోతే ఆ మందు నాది కాదు.

చివరి పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజులు ఉండాలి. 21 రోజులు అని ఉండి, నా కోత పదిహేను రోజుల్లో ఉంటే ఆ మందు పక్కన పెట్టాల్సిందే. తక్కువ రోజులది దొరికితే సరే, లేదంటే ఆ నష్టం భరించాలి. ఇది కష్టమైన మాటే. కానీ గింజల్లో మిగిలే మందు కడిగితే పోయేది కాదు.

మూడోది గ్రూపు నంబరు. ఐరాక్ అనే అంతర్జాతీయ కమిటీ పురుగుమందులను, అవి పురుగులో దేని మీద పనిచేస్తాయో దాన్నిబట్టి గ్రూపులుగా విడగొట్టింది. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ 4ఏ. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియామైడ్ రెండూ 28. ఎమామెక్టిన్ 6. నేను చాలాకాలం డబ్బా రంగు మారిస్తే మందు మార్చినట్టే అనుకున్నాను. పచ్చ డబ్బా పనిచేయలేదని ఎర్ర డబ్బా తెచ్చి కొట్టాను, లోపల రెండూ 4ఏ. అదే దెబ్బ మళ్లీ మళ్లీ తింటే, తట్టుకునే పురుగులే మిగిలి పిల్లల్ని పెడతాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. మందులకు పురుగులు అలవాటుపడతాయా అనే ప్రశ్నను మెలాండర్ అనే శాస్త్రవేత్త 1914లోనే అడిగాడు. పురుగు ఒక తరానికి ఒక గ్రూపు, తర్వాతి తరానికి వేరే గ్రూపు వాడాలి. లేబుల్ మీద నంబరు లేకపోతే మందు సాంకేతిక నామం చూసి గ్రూపు అడిగి తెలుసుకోండి. తెగుళ్ల మందులకు, కలుపు మందులకు కూడా ఇలాంటి గ్రూపులు విడిగా ఉన్నాయి.

కలపడం

బురద నీళ్లతో కలుపు మందు కలపకండి. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మట్టి రేణువులకు అతుక్కుని పనిచేయకుండా పోతుంది. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న నీళ్లలోనూ అది బలహీనపడుతుంది. కొన్ని పాత రకం పురుగుమందులు క్షార గుణం ఉన్న నీళ్లలో గంటల్లోనే విరిగిపోతాయి, కాబట్టి కలిపింది కలిపినట్టే కొట్టేయాలి. రాత్రి కలిపి పొద్దున కొట్టే పని పెట్టుకోవద్దు.

రెండు మందులు కలపమని లేబుల్ చెప్తేనే కలపండి. అప్పుడూ ముందు ఒక గాజు సీసాలో అదే పాళ్లలో చిన్నగా కలిపి అరగంట ఆగి చూడండి. పెరుగులా విరిగినా, అడుగున ముద్ద కట్టినా, సీసా వేడెక్కినా ఆ జంట కుదరదు. ట్యాంకులో సగం నీళ్లు పోశాక ముందు పొడి మందులు, తర్వాత చిక్కటి ద్రవ మందులు, తర్వాత నూనెలా ఉండి నీళ్లలో తెల్లబడేవి, చివర నీళ్లలో పూర్తిగా కరిగేవి. ఒక్కొక్కటి కలిశాకే తర్వాతిది.

మూతతో కొలవడం మానేయండి. ఒక్కో డబ్బా మూత ఒక్కో సైజు. గీతలున్న ప్లాస్టిక్ జాడీ ఒకటి మందుకే విడిగా పెట్టుకోండి, దాన్ని ఇంట్లోకి తేవద్దు.

మనిషికి మందు ఎక్కువగా అంటేది చేలో కొట్టేటప్పుడే అనుకుంటాం. నిజానికి చిక్కటి మందు చేతిలో ఉండేది కలిపేటప్పుడే. నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు అద్దాలు అప్పటినుంచే పెట్టుకోవాలి. కిందికి కొట్టేటప్పుడు చొక్కా చేతులు గ్లవ్స్ మీదికి రావాలి. ఎత్తైన పంటలో చేయి పైకెత్తి కొట్టేటప్పుడు గ్లవ్సే చొక్కా చేతుల మీదికి రావాలి, లేదంటే కారిన మందంతా గ్లవ్స్‌లోకే దిగుతుంది. ప్యాంటు ఎప్పుడూ బూట్ల బయటే. లోపలికి దోపితే బూటే మందు గిన్నె అవుతుంది.

గాలి

గాలి అసలు లేని తెల్లవారుజాము మంచి సమయం అనుకునేవాణ్ణి. కాదు. నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కప్పి ఉన్నప్పుడు సన్న చుక్కలు కిందికి దిగవు, పైకి పోవు. మంచులా తేలుతూ ఎటో వెళ్లి ఎక్కడో వాలతాయి. ఎక్కడైనా పొగ కనిపిస్తే చూడండి: పైకి లేవకుండా చాపలా పరుచుకుని జరుగుతుంటే ఇంకో గంట ఆగండి. చిన్న ఆకులు కదిలేంత, ముఖానికి తగిలీ తగలనంత గాలి కావాలి. కొమ్మలు ఊగుతుంటే మానేయండి. గాలికి అడ్డంగా నడుస్తూ, కొట్టిన చోటునుంచి కొట్టని చోటికి జరగాలి, తడిసిన ఆకుల్లోకి మనం దిగకూడదు. ఎండ ముదిరితే చుక్క ఆకును చేరకముందే ఆరిపోతుంది. పంట పూత మీద ఉంటే తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రమే కొట్టాలి, అదీ లేబుల్ ఒప్పుకుంటేనే. లద్దె పురుగులు రాత్రి మేస్తాయి కాబట్టి వాటికి కూడా సాయంత్రమే మంచిది.

కళ్లు తిరగడం, చెమటలు, నోటి నిండా నీళ్లు ఊరడం, చూపు మసకబారడం, వీటిలో ఏది మొదలైనా ట్యాంకు దించేయండి. సాలు పూర్తిచేసి వస్తాననొద్దు. బట్టలు తీసేసి ఒళ్లు నీళ్లతో, సబ్బుతో కడిగి, డబ్బా లేబుల్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టర్‌కు ముందు కావలసింది ఆ పేరే. ఎవరైనా పొరపాటున మింగితే సొంతంగా వాంతి చేయించకండి. పారాక్వాట్ అనే కలుపు మందుకు విరుగుడు మందు లేదు. అందుకే మందును ఎన్నడూ తాగునీటి సీసాలోకి గానీ, కూల్‌డ్రింక్ సీసాలోకి గానీ వంచకూడదు, ఒక్క పూటకైనా సరే.

ట్యాంకు కడగడం, నా పత్తి

గట్ల మీద వెడల్పాకు కలుపుకు 2,4-డి కొట్టాను. ట్యాంకును ఒక్కసారి నీళ్లతో తొలిచి, నాలుగు రోజుల తర్వాత అదే ట్యాంకుతో పత్తిలో పురుగుమందు కొట్టాను. వారం దాటాక కొత్తగా వచ్చిన ఆకులు పత్తి ఆకుల్లా లేవు. వెడల్పు పోయి, వేళ్లు వేళ్లుగా చీలి, ఈనెలు దగ్గరపడి, అంచులు పైకి ముడుచుకున్నాయి. మొదటి ట్యాంకు కొట్టిన పదకొండు సాళ్లలో ఎక్కువ, తర్వాతి వాటిలో తక్కువ. చూడగానే ఏ ట్యాంకు ఎక్కడ మొదలైందో చెప్పేయొచ్చు. పత్తికి ఆ మందు కొన్ని చుక్కలు చాలు. వైరస్ అనుకుని ఇంకో మందు కొట్టబోయాను కూడా. అదృష్టం, ఒక పెద్దాయన వచ్చి ఆకు చూసి, ముందు ఏం కొట్టావని అడిగాడు.

అప్పటినుంచి కలుపు మందుకు వేరే ట్యాంకు, దానికి ఎర్ర రంగు. ఒక్కటే ట్యాంకు ఉన్నవాళ్లు మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ గొట్టం, నాజిల్ గుండా నీళ్లు బయటికి వదలాలి. అసలు మిగిలేది గొట్టంలోనే, వడపోత జాలీలోనే. కడిగిన నీళ్లు అదే చేలో, మందు తక్కువ పడిన చోట కొట్టేయండి. కాలువ పక్కన, బావి పక్కన కడగకండి.

డబ్బా ఖాళీ అయ్యాక పావు వంతు నీళ్లు పోసి అరనిమిషం కుదిపి ఆ నీళ్లు ట్యాంకులో పోయాలి. ఇలా మూడుసార్లు. తర్వాత అడుగున మేకుతో పొడవండి, ఎవరూ దాన్ని నీళ్లకు, నూనెకు వాడకుండా. కాల్చకండి.

నోటు పుస్తకంలో ఆఖరి గడి ఒకటి ఉంది: పని అయ్యాక ట్యాంకులో ఎంత మిగిలింది. కొలవడం నేర్చుకోక ముందు అక్కడ నాలుగు లీటర్లు, ఆరు లీటర్లు, ఒకసారి పూర్తి ట్యాంకు అని రాసుకున్నాను. ఇప్పుడు ఆఖరి ముక్కకు నేలను కొలిచి, సరిపడా నీళ్లు, సరిపడా మందే కలుపుతాను. మొన్న శనగలో అక్కడ "అర లీటరు, చివరి సాలులోనే" అని రాశాను. దాని పక్కనే కోత తేదీ, లేబుల్ చెప్పిన రోజులు, రెండింటికీ మధ్య తేడా: ఆరు రోజులు ఎక్కువే ఉన్నాయి.